ఎన్నిసార్లు కట్టారు? బట్టల అసలు ఖరీదు లెక్క

ఒక బట్ట మీద పెట్టిన మొత్తం డబ్బును, అది ఒంటిమీదికి ఎక్కిన సార్లతో భాగిస్తే వచ్చేది దాని వాడకపు ఖర్చు. 1,200 రూపాయల చొక్కాను 80 సార్లు వేసుకుంటే సారికి 15 రూపాయలు పడుతుంది. 400 రూపాయల టీషర్టు ఎనిమిదిసార్లకే మెడ సాగి మూలనపడితే సారికి 50 పడుతుంది. కొట్లో చవగ్గా దొరికింది ఇంటికొచ్చాక ఖరీదైపోవడం, ఖరీదనిపించింది కాలం గడిచేకొద్దీ చవకవడం ఈ లెక్కలో మామూలే. ఖాతాలు రాసేవాళ్ళకు ఈ పద్ధతి పాతదే. యంత్రానికి ఏడాదికి ఇంతని తరుగుదల కట్టకుండా, లారీ అయితే తిరిగిన కిలోమీటర్లను బట్టి, అచ్చుయంత్రమైతే కొట్టిన ప్రతులను బట్టి కట్టే విధానం ఒకటుంది. దాన్నే చొక్కాకు వర్తింపజేస్తే వాడకపు ఖర్చు తేలుతుంది.

దీనికి తెలుగులో పేరు పెట్టడమే కొంచెం చిక్కు. చీర, పంచె కట్టుకుంటారు, చొక్కా తొడుక్కుంటారు, శాలువా కప్పుకుంటారు, తలపాగా చుట్టుకుంటారు, టోపీ పెట్టుకుంటారు. అన్నిటికీ సరిపోయే ఒక్క క్రియ లేదు కాబట్టి ‘వాడకం’ అన్న మాటతో సరిపెట్టుకోవాలి. ఒక వాడకమంటే ఒక రోజులో ఒకసారి ఒంటిమీద వేసుకుని తీయడం. పది గంటల ఆఫీసైనా, రెండు గంటల రిసెప్షనైనా ఒకటి కిందే జమ. ఇది పూర్తిగా న్యాయమైన కొలత కాదు. కానీ గంటలు లెక్కపెట్టే ఓపిక ఎవరికీ ఉండదు.

లవం

పైనుండే అంకెలో కొన్న ధర ఒక్కటే వేస్తే లెక్క తప్పుతుంది. చొక్కా విషయంలో ఆ తప్పు చిన్నది, చీర విషయంలో పెద్దది. చీర కొన్న రోజునే కట్టడానికి సిద్ధంగా ఉండదు. ఫాల్ కుట్టించాలి, పికో చేయించాలి, కొంగుకు కుచ్చులు వేయించాలి, జాకెట్టు కుట్టించాలి. మగ్గం వర్కు వచ్చాక జాకెట్టు కూలి చీర ధరతో పోటీపడుతోంది. వెయ్యి రూపాయల చీర మీదికి మూడు వేల జాకెట్టు ఇప్పుడు వింతేమీ కాదు. జాకెట్టు చీరకంటే ముందే పనికిరాకుండా పోతుంది కూడా. ఒళ్ళు మారుతుంది, చంకల దగ్గర చెమటకు రంగు మారుతుంది, చేతుల పొడవు ఫ్యాషను మారుతుంది. పదేళ్ళ చీరకు రెండో జాకెట్టు, మూడో జాకెట్టు కుట్టించిన ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ ఖర్చంతా చీర పేరునే రాయాలి.

ఒక పట్టుచీర లెక్క చూద్దాం. చీర 18,000; ఫాల్, పికో 150; వర్కు జాకెట్టు 3,500; పదేళ్ళలో నాలుగుసార్లు డ్రైవాష్ 1,400. మొత్తం 23,050 రూపాయలు. ఆ పదేళ్ళలో ఆరు పెళ్ళిళ్ళకు కట్టారనుకుంటే కట్టిన ప్రతిసారీ 3,840 రూపాయల పైచిలుకు పడింది. అంకెలు ఊహించినవే అయినా, బీరువా తెరిచి చూసుకుంటే ఇంతకంటే ఘోరమైన లెక్కలు చాలామందికి తేలతాయి.

రోజువారీ బట్టలకు ఇంకో చిక్కుంది. వాడకాలు పెరిగేకొద్దీ కొన్న ధర పలచనవుతుంది కానీ, ఉతుకు, గంజి, ఇస్త్రీల ఖర్చు పలచనవదు. అవి ప్రతిసారీ కొత్తగా పడతాయి. వెయ్యి రూపాయల తెల్ల చొక్కాకు ఇస్త్రీ సారికి పది రూపాయలైతే, వందసార్లు వేసేసరికి ఇస్త్రీకే ఇంకో వెయ్యి పోతుంది. సారికి పడే ఇరవైలో సగం ఇస్త్రీదే. 1,500 రూపాయల నేత చీరకు గంజి, రోలింగ్ కలిపి సారికి 60 అయితే, యాభై వాడకాల తర్వాత ధర వాటా 30, సంరక్షణ వాటా 60. నేత చీరలంటే ఇష్టమే కానీ గంజి పెట్టేదెవరన్న మాట వెనక ఉన్నది ఈ లెక్కే. గంజి ఇంట్లోనే పెడితే డబ్బు మిగులుతుంది, ఆ పని మాత్రం ఇంట్లో ఒకరి నెత్తిన పడుతుంది. ఆ శ్రమకు ధర కట్టిన లెక్క దాదాపు ఎక్కడా కనిపించదు.

లవంలోంచి తీసేయాల్సింది కూడా ఒకటుంది: చివర్లో తిరిగొచ్చే సొమ్ము. మామూలు బట్టలకు అది సున్నా. పాతకాలపు పట్టుచీరలకు మాత్రం కాదు. వాటి జరీలో వెండి ఉండేది కాబట్టి ‘పాత పట్టుచీరలు కొంటాం’ అంటూ వచ్చేవాళ్ళు జరీని కరిగించి వెండి తీసుకునేవారు. రాగి తీగ మీదో ప్లాస్టిక్ పొర మీదో మెరుపు ఎక్కించిన జరీకి అలాంటి విలువ ఉండదు. అందుకే ఒకే ధర పెట్టి కొన్న రెండు చీరల లవాలు ఒకటి కాకపోవచ్చు.

హారం

కింది అంకెను పట్టుకోవడమే అసలు కష్టం. నార్వేలో బట్టల మీద పనిచేస్తున్న ఇంగున్ క్లెప్, కిర్సి లైతాలా మరో పరిశోధకుడితో కలిసి 2020లో రాసిన సమీక్షలో బట్ట ఆయుష్షుకు నాలుగు కొలతలను చర్చించారు: సంవత్సరాలు, వాడకాలు, ఉతుకులు, వాడిన మనుషులు. నాలుగూ నాలుగు వేర్వేరు జవాబులిస్తాయి. బీరువాలో ఇరవై ఏళ్ళున్న పట్టుచీరకు సంవత్సరాల లెక్కన దీర్ఘాయుష్షు, వాడకాల లెక్కన బాల్యం. తువ్వాలుకు ఉతుకులు ఎక్కువ, స్వెటర్‌కు తక్కువ. తెలుగువాళ్ళు మామూలుగా బట్టను ఉతుకుల్లోనే కొలుస్తారు. ‘నాలుగు ఉతుకులకే వెలిసిపోయింది’, ‘ఒక్క ఉతుక్కే ముడుచుకుంది’ అనేవి కొట్టువాడి ముందు పెట్టే ఫిర్యాదులు. ఎండల్లో ఈ కొలతకు అర్థముంది. మే నెలలో విజయవాడలో ఒకపూట వేసిన చొక్కాను రెండోపూట వేసుకోలేరు. అక్కడ వాడకమూ ఉతుకూ ఒకటే. జనవరిలో ఆదిలాబాద్ స్వెటర్‌కు ఆ రెండింటికీ పొంతన లేదు.

ఎన్నిసార్లు వేసుకున్నారో గుర్తుంచుకోవడం మనిషి వల్ల కాదు. ఇష్టమైన బట్టను ఎక్కువసార్లు వేసినట్టు, మూలపడ్డదాన్ని కూడా అప్పుడప్పుడూ వేస్తున్నట్టు అనిపిస్తుంది. అందుకని కొన్ని చిట్కాలు వాడుకలో ఉన్నాయి. ఏడాది మొదట్లో హ్యాంగర్లన్నీ కొక్కెం ఒకవైపుకు ఉండేలా తగిలించి, వేసుకున్న బట్టను తిరిగి పెట్టేటప్పుడు మాత్రం తిప్పి తగిలిస్తే, సంవత్సరాంతంలో తిరగని హ్యాంగర్లు నిజం చెప్పేస్తాయి. పట్టుచీరలకు ఆ అవసరం కూడా లేదు; ఫోన్లోని పెళ్ళి ఫోటోలు చాలు.

ఈ లెక్కలో తరచూ మరిచిపోయే సంగతి మరొకటుంది. ఏ ఒక్క బట్ట హారమూ దానంతటది పెరగదు. మనిషికి ఏడాదికి ఉన్నవి 365 రోజులే. ఆఫీసుకు వెళ్ళే రోజులు 300 అనుకుంటే, పది చొక్కాలున్నవాడు ఒక్కోదాన్ని ఏడాదికి ముప్ఫైసార్లు వేస్తాడు. ముప్ఫై చొక్కాలున్నవాడు పదిసార్లు వేస్తాడు. పదకొండో చొక్కా ఎంత మంచిదైనా, ఎంత మన్నికైనదైనా, దానికొచ్చే వాడకాలన్నీ ముందున్న పదింటి నుంచి లాక్కొచ్చినవే. కొత్తదాని వాడకపు ఖర్చు ఎంత తగ్గినా పాతవాటిది ఆ మేరకు పెరుగుతుంది. ముప్ఫై చొక్కాల మనిషి ఒక్కోదాన్ని వంద వాడకాల దాకా తీసుకెళ్ళాలంటే పదేళ్ళు పడుతుంది. ఈలోపు నడుమూ మెడా రెండూ మారతాయి. ఒక్కో బట్టకు విడివిడిగా వేసే లెక్క అందుకే మోసం చేస్తుంది. బీరువా మొత్తానికి కలిపి వేసే లెక్కే నిక్కమైనది: ఏడాదిలో బట్టల మీద పెట్టిన ఖర్చంతా కూడి, 365తో భాగించడం. అలా వేస్తే ఏ దుకాణదారుడి మాటకూ అందులో చోటుండదు.

ప్రపంచం మొత్తం మీద కూడా జరిగింది ఇదే. ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో వెలువరించిన నివేదిక ప్రకారం అంతకుముందు పదిహేనేళ్ళలో బట్టల ఉత్పత్తి దాదాపు రెట్టింపయింది. అదే కాలంలో ఒక బట్టను పారేసేలోపు వేసుకునే సార్లు 36 శాతం తగ్గాయి. రెండు అంకెలకూ కారణం ఒకటే. ఒళ్ళు అంతగా పెరగలేదు, రోజులు పెరగలేదు, బట్టలు మాత్రం పెరిగాయి.

చిరగకుండానే బట్టలు మూలపడటానికి కారణాలు వేరు. సైజు సరిపోకపోవడం, విసుగు, మారిన ఉద్యోగం, బొత్తాం ఊడితే కుట్టుకోకపోవడం. కొన్న డబ్బు దండగవుతుందని బిగుతైన చొక్కాను ఇబ్బందిపడుతూ వేసుకునేవాళ్ళూ ఉన్నారు. ఆ డబ్బు ఎప్పుడో పోయింది. ఇంకో పదిసార్లు వేసుకున్నంత మాత్రాన తిరిగిరాదు. హారం పెంచడం ఒక్కటే పనిగా పెట్టుకుంటే లెక్క తలకిందులవుతుంది.

ధరకూ మన్నికకూ ఉన్న దూరం

ఎక్కువ పెట్టి కొంటే ఎక్కువకాలం వస్తుందన్న నమ్మకం మీదే ‘మంచిది ఒక్కటి కొనుక్కో’ అన్న సలహా నిలబడింది. పరీక్షల్లో ఆ నమ్మకం అంతగా నిలవలేదు. బట్ట మన్నికను ప్రయోగశాలల్లో కొలిచే పద్ధతులు చాలాకాలంగా ఉన్నాయి. మార్టిండేల్ యంత్రం బట్టను గుండ్రంగా కదుపుతూ రుద్ది, ఎన్ని రుద్దుళ్ళకు పోగు తెగుతుందో చెబుతుంది. రంగు నిలకడను ఒకటి నుంచి అయిదు దాకా ఉండే బూడిదరంగు కొలబద్దతో పోలుస్తారు. అయిదంటే రంగు చెక్కుచెదరలేదని. మన దేశంలో 1963 నాటి చట్టంతో ఏర్పడిన టెక్స్‌టైల్స్ కమిటీ ప్రయోగశాలల్లో ఇలాంటి పరీక్షలు చేస్తారు. బ్రిటన్‌లో లీడ్స్ విశ్వవిద్యాలయం వారు చవక బట్టలనూ ఖరీదైన వాటినీ ఇలాగే పరీక్షించి చూస్తే ధరను బట్టి మన్నికను ఊహించడం కుదరదని తేలింది.

చేనేతలో ఈ దూరం ఇంకా స్పష్టం. మంగళగిరి నూలుకు 80 కౌంటు, వెంకటగిరికి 100 కౌంటు పేరున్నాయి. కౌంటు పెరిగేకొద్దీ పోగు సన్నమవుతుంది, బట్ట మెత్తనవుతుంది, ధర పెరుగుతుంది. గట్టిదనం పెరగదు. పొందూరు ఖద్దరులో సన్నదనానికి చెల్లించే ధరలో చేప దవడతో దూది ఏకే ఓపికకూ వాటా ఉంది. ఆ ఓపిక పంచెను ఎక్కువ ఉతుకులకు నిలబెట్టదు. పోచంపల్లి చీరలో పోగుకు ముడులేసి రంగులద్దిన రోజులు, ఉప్పాడ జాందానీలో పువ్వు పువ్వుకూ చేత్తో దూర్చిన పేకపోగులు, గద్వాలలో నూలు ఒంటికి పట్టు అంచును కలిపే పని, వీటికే ఆ ధర. చీర కట్టేవాళ్ళు ఎన్నిసార్లు కడతారన్నదానితో నేతగాడి కూలికి సంబంధం లేదు, ఉండకూడదు కూడా.

వాడకపు ఖర్చు అనే కొలబద్ద ఎటువైపు మొగ్గుతుందో ఇక్కడే తెలుస్తుంది. ఉతికి ఆరేస్తే చాలు, ఇస్త్రీ అడగని, రంగు వెలవని పాలియెస్టర్ చీరే వాడకపు ఖర్చులో ప్రతిసారీ గెలుస్తుంది. 500 పెట్టి కొని వందసార్లు కడితే సారికి అయిదు రూపాయలు. ఒంటికి గాలి తగలకపోవడం, ప్రతి ఉతుకులోనూ సన్నని ప్లాస్టిక్ పోగులు నీళ్ళలో కలవడం ఆ అయిదు రూపాయల్లో లేవు. వాడకపు ఖర్చు ఒకే గుణమున్న రెండు బట్టల్ని పోల్చడానికి మంచి సాధనం. రెండు తెల్ల చొక్కాలను, రెండు జీన్సులను అది చక్కగా తూస్తుంది. నేత చీరనూ జార్జెట్‌నూ ఒకే తక్కెడలో పెడితే మాత్రం జవాబు ముందే ఖాయమైపోతుంది.

బట్ట అంతా ఒకేసారి పాడవదు. చొక్కా కాలరు మడత దగ్గర, ప్యాంటు తొడల మధ్య, చీర కుచ్చెళ్ళు నేలను రాసే అంచు దగ్గర, పట్టు అయితే ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉన్న చోట చిట్లుతుంది. మిగతా బట్టంతా గట్టిగానే ఉంటుంది. పాత దర్జీలు అరిగిన కాలరును విప్పి, తిరగేసి కుట్టేవారు. దానికి యాభై రూపాయలిచ్చి ఇంకో నలభైసార్లు వేసుకుంటే, ఆ అదనపు వాడకం ఒక్కోటి రూపాయి పావలా. కొత్త చొక్కా ఏదీ ఈ అంకెకు దిగిరాదు. రఫూ చేయడం, మాసిక వేయడం, ఫాల్ మార్చడం, మడతలు అప్పుడప్పుడూ మార్చి పెట్టడం, అన్నీ ఈ కోవలోవే. ఫ్రాన్స్ 2023 నవంబరులో బట్టల మరమ్మతు బిల్లులో కొంత తగ్గింపు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. మన ఊళ్ళలో కొరత రాయితీది కాదు, రఫూ చేసే చేతులది.

అతి తక్కువ ఖర్చు బట్ట

వాడకపు ఖర్చు కనిష్ఠంగా ఉండే బట్ట కోసం వెదికితే అది బడి యూనిఫాం దగ్గర ఆగుతుంది. సమగ్ర శిక్ష పథకం కింద ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి దాకా అర్హులైన పిల్లలకు ఏడాదికి రెండు జతలిస్తారు. దానికి పిల్లకు సగటున 600 రూపాయల పరిమితి. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు నిర్ణయించిన పనిదినాలు 220. రెండు జతలూ ఏడాదంతా నిలిస్తే జతకు 110 వాడకాలు, సారికి 2 రూపాయల 73 పైసలు. పెద్దల బీరువాల్లో ఏ బట్టకూ ఈ అంకె దొరకదు. అయితే ‘నిలిస్తే’ అన్న మాట పెద్దది. రోజు విడిచి రోజు ఉతికి, బండకేసి బాది, ఎండలో ఆరేసి, ఆటల్లో మోకాళ్ళ మీద పడే బట్ట జనవరికల్లా చిరిగితే, ఆ తర్వాత కొనే జత కుటుంబం ఖాతాలో పడుతుంది. ఏడాది మధ్యలో పిల్లలు ఎదగడం ఇంకో సంగతి. పరికిణీ అంచు లోపల టక్కులు పెట్టి కుట్టించి, ఎదిగేకొద్దీ ఒక్కొక్కటే విప్పడం ఈ హారాన్ని పెంచడానికి తల్లులు కనిపెట్టిన ఉపాయం.

చేతిలో ఒకేసారి డబ్బు లేనివాళ్ళకు ఈ లెక్క తెలిసినా ఉపయోగపడదు. ఇంగ్లిష్ రచయిత టెర్రీ ప్రాచెట్ 1993లో వచ్చిన ‘మెన్ ఎట్ ఆర్మ్స్’ నవలలో ఒక పోలీసు పాత్ర చేత బూట్ల లెక్క చెప్పిస్తాడు. యాభై డాలర్ల బూట్లు పదేళ్ళొస్తాయి. పది డాలర్లవి ఒకటి రెండు కాలాలకే నీళ్ళు కారతాయి. పేదవాడు పదేళ్ళలో వంద డాలర్లు పోసి కూడా తడికాళ్ళతోనే తిరుగుతాడు. తెలుగు ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి వాయిదాల మీద చీరలమ్మేవాళ్ళ బేరం ఇదే ఖాళీలో నడుస్తుంది. నెలకు రెండొందలంటే మంచి చీర అందుబాటులోకి వస్తుంది, కానీ వాయిదాల్లో కలిపిన లాభం లవంలోకి ఎక్కుతుంది.

ఒకసారే కట్టడానికి

పెళ్ళి బట్టల దగ్గర వాడకపు ఖర్చు లెక్క చేతులెత్తేస్తుంది. మధుపర్కాలు దీనికి మంచి ఉదాహరణ. ఎర్ర అంచున్న తెల్లని నూలు బట్ట, ధర పెద్దగా ఉండదు, కట్టేది ఒకే ఒకసారి. తర్వాత పెట్టె అడుగుకు చేరుతుంది. దాన్ని దండగన్న మాట ఎవరి నోటా వినబడదు. దాని పక్కనే వేల రూపాయల తలంబ్రాల చీర ఒకటి రెండుసార్లకు పరిమితమైతే మాత్రం నిట్టూర్పులు వినిపిస్తాయి. తేడా ఖర్చులో ఉందనుకుంటారు; నిజానికి ఆశలో ఉంది. మధుపర్కాలను మళ్ళీ కడతామని ఎవరూ అనుకోలేదు, పట్టుచీరను అనుకున్నారు.

ఒంటిని కప్పడమే కాక నలుగురిలో నిలబెట్టే రెండో విలువ బట్టకు ఉందని ఆడమ్ స్మిత్ 1776లోనే గుర్తించాడు. తన కాలపు కూలివాడు కూడా నారబట్ట చొక్కా లేకుండా నలుగురిలోకి రావడానికి సిగ్గుపడతాడని, కాబట్టి అది అవసరాల్లో చేరుతుందని రాశాడు. థార్‌స్టీన్ వెబ్లెన్ 1899లో ఇంకో అడుగు ముందుకేశాడు: కొన్ని బట్టల పని అసలు ఖర్చు పెట్టగలమని నలుగురికీ చూపించడమే. వెబ్లెన్ మాట నిజమైతే ఆ బట్టల హారం పెరిగేకొద్దీ విలువ తగ్గుతుంది. ఫోటోలో ఒకసారి పడ్డ చీరను అదే బంధువుల ముందు మళ్ళీ కట్టకపోవడం అలాంటిదే. అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఈ ఇరుకు మరీ ఎక్కువ. పట్టుచీర కట్టే సందర్భాలు ఏడాదికి నాలుగైదు, చూసేవాళ్ళు ప్రతిసారీ ఆ నలభై కుటుంబాలవాళ్ళే.

దానికొక మందు అద్దె. పెళ్ళికొడుకుల షేర్వాణీలు హైదరాబాద్‌లో చాలాకాలంగా అద్దెకు దొరుకుతున్నాయి. ఇరవై వేల షేర్వాణీ అద్దె మూడు వేలైతే, ఏడుసార్లు వేసుకునేవాడికి మాత్రమే కొనడం లాభం. షేర్వాణీని ఏడుసార్లు వేసుకునే మగవాడు అరుదు. రోజువారీ బట్టల్లో అద్దె అంత తేలిగ్గా గెలవదు. జీన్సు మీద ఫిన్లండ్ పరిశోధకులు 2021లో చేసిన పోలికలో, ఉన్నదాన్ని ఎక్కువసార్లు వేసుకోవడం, చేతులు మార్చడం, రీసైక్లింగ్, అద్దె వంటి దారుల్లో అద్దెకే ఎక్కువ కర్బన భారం తేలింది. తెచ్చి ఇచ్చే ప్రయాణాలే కారణం.

ఒకరితో ఆగని లెక్క

ఇప్పటిదాకా చెప్పిన హారంలో ఒక్క మనిషే ఉన్నాడు. క్లెప్ బృందం నాలుగో కొలతగా పెట్టిన ‘వాడిన మనుషులు’ తెలుగు ఇళ్ళ లెక్కను పూర్తిగా మార్చేస్తుంది. అక్క గౌను చెల్లికి, చెల్లి నుంచి పిన్నికూతురికి. అమ్మ పట్టుచీర అంచు గట్టిగా ఉంటే కూతురికి పరికిణీ, మిగిలిన ముక్కతో రవిక. ఆచారం పాటించే ఇళ్ళలో పెళ్ళినాటి పట్టుచీరను జరీ నల్లబడ్డాక మడిచీరగా దించి, వంటింట్లో రోజూ కట్టేవారు. పెళ్ళిళ్ళలో ఆరుసార్లు కట్టిన చీరకు మడిలో ఆరు వందల వాడకాలు కలిస్తే పైన వేసిన 3,840 రూపాయలు ముప్ఫై ఎనిమిదికి దిగుతాయి. నూలుచీరలయితే మెత్తబడ్డాక పసిపిల్లల పొత్తిగుడ్డలు, ఆ తర్వాత పొరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంత, చివరికి మసిగుడ్డ. బొంత మీద పడుకున్న రాత్రులను వాడకాలుగా రాయాలా వద్దా అన్నది లెక్క వేసేవాళ్ళ ఇష్టం. రాయకపోతే మాత్రం నూలుచీరకు అన్యాయం జరుగుతుంది.

ఇంట్లో దారులు మూసుకుపోయిన బట్ట వీధిలోకి వస్తుంది. పాత బట్టలు తీసుకుని స్టీలు సామాన్లిచ్చేవాళ్ళు ఒక గిన్నెకు ఎన్ని చీరలన్నది నోటితోనే తేల్చేస్తారు. అక్కడ పాలియెస్టర్ కంటే జరీ అంచుకూ, చిరగని ప్యాంటుకూ విలువెక్కువ. ఢిల్లీలో ఈ వ్యాపారం చేసే వాఘ్రీ స్త్రీల మీద లూసీ నోరిస్ 2010లో ఒక పుస్తకమే రాశారు. చివరికి మిగిలే పీలికలకు పానిపట్ లాంటి ఊళ్ళలో గిరాకీ ఉంది. విదేశాల నుంచి వచ్చే పాత ఉన్ని బట్టలను అక్కడ చీల్చి, నూలు తీసి, దుప్పట్లు నేస్తారు. 1999లో అన్షు గుప్తా ప్రారంభించిన గూంజ్ సంస్థ నగరాల పాతబట్టలను పల్లెల్లో జనం చేసిన పనికి ప్రతిఫలంగా ఇస్తోంది. దానంగా ఇచ్చినదాన్ని లవంలో సున్నాగా రాస్తారు, అది నిజమే. హారం మాత్రం అక్కడ మళ్ళీ మొదలవుతుంది.

బిల్లులో లేని ఖర్చు

బట్టకు నీళ్ళు, కరెంటు, పురుగుమందులు కూడా ఖర్చవుతాయి. అవి కొన్నవాడి బిల్లులో కనిపించవు. లీవైస్ 2015లో తన 501 జీన్సు మీద వెలువరించిన లెక్కలో ఒక జత పూర్తి ఆయుష్షుకు 3,781 లీటర్ల నీరు, 33.4 కిలోల కర్బన భారం పడ్డాయి. నీటిలో 68 శాతం పత్తి పంటదే. అంటే సుమారు 2,570 లీటర్లు, జీన్సు కొట్టుకు చేరకముందే ఖర్చయిపోయినవి. పదిసార్లు వేసుకుని వదిలేస్తే సారికి 257 లీటర్లు. రెండు వందలసార్లు వేసుకుంటే 13 లీటర్లలోపు. కర్బనంలో 37 శాతం మాత్రం కొన్నాక ఉతకడంలో, ఆరబెట్టడంలో పడింది. రెండుసార్లకోమారు ఉతికే అలవాటు నుంచి పదిసార్లకోమారు ఉతికే అలవాటుకు మారితే ఆ భాగం బాగా తగ్గుతుందని అదే అధ్యయనం చెప్పింది. మెషీన్లో తిప్పి, వేడిగాలిలో ఆరబెట్టే దేశాల లెక్క అది. దండెం మీద ఎండకు ఆరేసే చోట ఉతుకు వాటా అంత ఉండదు, పత్తి వాటా ఉంటుంది.

కొనేముందు వేసే వాడకపు ఖర్చుకూ, వాడేశాక వేసేదానికీ తేడా ఉంది. మొదటిది జోస్యం. ‘వందసార్లు వేసుకుంటారు సార్, సారికి ముప్ఫై కూడా పడదు’ అని కౌంటర్ దగ్గర చెప్పే వంద ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. రెండోది నమోదు. గత ఏడాది కొన్నవాటిలో ఏవి ఎన్నిసార్లు కట్టారో రాసుకుంటే, వచ్చే ఏడాది ఎలాంటివి కొనాలో దానంతటదే తేలుతుంది. మూడు లినెన్ చొక్కాలు అయిదేసిసార్లు మాత్రమే వేసుకున్నట్టు కనిపించినప్పుడు నాలుగోదాని హారం వంద అని అంచనా వేయడానికి ధైర్యం కావాలి.

ఇక హారం సున్నాగా ఉన్న బట్టలు. బడిలో చెప్పినట్టు సున్నాతో భాగించకూడదు కాబట్టి వాటికి వాడకపు ఖర్చే లేదు. బీరువాల్లో ధర చీటీ కూడా తీయని చీరలు ఇందులోకి వస్తాయి. గోదాముల్లో అమ్ముడుపోక మిగిలి, పేరు చవకవుతుందన్న భయంతో కొన్ని కంపెనీలు తగలబెట్టే సరుకు కూడా ఇందులోకే వస్తుంది. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన నియమాల ప్రకారం అమ్ముడుపోని బట్టలను, చెప్పులను ధ్వంసం చేయడం పెద్ద సంస్థలకు 2026 జులై 19 నుంచి నిషిద్ధం, మధ్యతరహా సంస్థలకు 2030 నుంచి. చిన్న సంస్థలకు మినహాయింపు ఉంది.